పాలమూరు వలస మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా, ఎవరి పరిశోధన చదవాలి?

ఊట్కూరు పిల్లగాడు:

అందరికీ నమస్తే. మాది నారాయణపేట జిల్లా, ఊట్కూరు పక్కన పల్లె. ఎంఏ ఎకనామిక్స్ అయిపోయింది, నెట్ పరీక్ష కూడా పాసయ్యాను. పీహెచ్‌డీకి పాలమూరు వలస అని టాపిక్ రాసిచ్చాను. మా తాత గుంపు మేస్త్రీ (కూలీల్ని గుంపుగా పనికి తోలుకపోయేవాడు) దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యాముల కట్టల మీద మట్టి మోశాడు. మా నాయన పుణెలో సెంట్రింగ్ పని. ఇంట్లోనే ఇంత కథ ఉంది కదా, టాపిక్ తేలిక అనుకున్నా.

గైడ్‌గా ఉండబోయే సారు మొదటి రోజే "నీ థియరీ ఏంది?" అన్నారు. నోట మాట రాలేదు. నెట్‌లో వెతికితే ఏ పీపీటీ తెరిచినా పుష్-పుల్ బొమ్మే. కరువు నెడుతుంది, పట్నం లాగుతుంది. ఈ మాత్రం మా అవ్వ కూడా చెప్తుంది.

లెక్కలు చూస్తే ఇంకా అయోమయం. దేశంలో వలసపోయినవాళ్ళు ఒకచోట 45 కోట్లు అని ఉంది, ఇంకోచోట 1.36 కోట్లు, మూడోచోట 10 కోట్లు. వీటిలో ఏది రాయాలి? వలసల మీద నిజంగా పనిచేసిన స్కాలర్లు ఎవరు? మన తెలుగువాళ్ళ గురించి ఎవరైనా రాశారా? సినాప్సిస్ (పరిశోధన ఎట్లా చేస్తానో రాసిచ్చే కాగితం) వచ్చే నెల ఇవ్వాలి, మస్తు టెన్షన్‌గా ఉంది.

పాత లెక్చరర్, మహబూబ్‌నగర్:

బాబూ, ముందు ఆ మూడు లెక్కల సంగతి చూద్దాం. అది తెలిస్తే థియరీ సగం తెలిసినట్టే. మూడూ నిజమే. ఒక్కొక్కరూ ఒక్కో రకం మనుషుల్ని లెక్కపెట్టారు, అంతే.

2011 జనాభా లెక్కల్లోని 45 కోట్లలో మీ అమ్మ ఉంటుంది. ఇంతకుముందు కాపురమున్న ఊరు వేరైతే చాలు, వలస కిందే రాస్తారు. మక్తల్ నుంచి ఊట్కూరుకు కోడలిగా వచ్చినా వలసే. ఆ 45 కోట్లలో పెళ్ళై వచ్చిన ఆడవాళ్ళదే పెద్ద వాటా. మరి పుణెలో ఉన్న మీ నాయన అందులో ఉన్నాడా? లెక్కలవాళ్ళు వచ్చిన నాడు ఆయన ఎక్కడున్నాడు, ఇంట్లో ఎవరు ఏం చెప్పారు అనేదాన్ని బట్టి ఉంటుంది.

1.36 కోట్లు జాతీయ నమూనా సర్వే వాళ్ళది, 2007-08లో చేసిన 64వ రౌండ్. పని కోసం ఊరు విడిచి నెల రోజులకు పైగా, ఆరు నెలల లోపు ఉండి వచ్చినవాళ్ళు మాత్రమే అందులోకి వస్తారు. మన దగ్గర దసరా పోయినాక బస్సెక్కినవాళ్ళు మిరుగం, అంటే మృగశిర కార్తె, దగ్గరపడితే గానీ దిగరు. ఆరు నెలలు దాటిపోయింది, ఆ గడిలోంచి జారిపోయారు. ఇక పెళ్ళాం పిల్లలతో సహా పోయిన ఇంటికి తాళం ఉంటుంది. సర్వేకు వచ్చినవాడు తాళాన్ని అడగలేడు కదా, పక్కింటికి పోతాడు. పుణెలో బిల్డింగ్ పక్కన వేసుకున్న రేకుల షెడ్డుకు ఇంటి నంబరే ఉండదు. అంటే ఊర్లోనూ లేరు, పట్నంలోనూ లేరు.

10 కోట్లు ప్రియా దేశింగ్కర్, షాహీన్ అఖ్తర్ 2009లో వేసిన అంచనా. వాళ్ళు ఇంటింటికీ పోయి లెక్కపెట్టలేదు. ఇటుక బట్టీల్లో ఎందరు, కట్టడాల్లో ఎందరు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఎందరు అని రంగాల వారీగా కూడుకుంటూ వచ్చారు. పోతూ వస్తూ ఉండేవాళ్ళ సంఖ్య 10 కోట్ల దాకా ఉంటుందన్నారు. ఇది అంచనా అని గుర్తుపెట్టుకో. సినాప్సిస్‌లో రాసేటప్పుడు "10 కోట్ల మంది ఉన్నారు" అని రాయకు, ఎవరు ఎట్లా అంచనా వేశారో రాయి. నీ గైడు ముందు అక్కడే వేలు పెడతాడు.

లెక్క ఎట్లా తప్పుదారి పడుతుందో నా కళ్ళతో చూశాను. 2014 ఆగస్టు 19న ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వేలో నాకు డ్యూటీ పడింది, కొడంగల్ వైపు ఒక తండాలో. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుందని మాట పుట్టింది. భివండీ, పుణె, ముంబై అన్నిచోట్ల నుంచీ జనం వచ్చిపడ్డారు. ఒక ఇంట్లో మూటల ముడులు కూడా విప్పలేదు, రాత్రి బస్సు దిగిన పిల్లలు అరుగు మీదే పడి నిద్రపోతున్నారు. పెద్దాయన చేతిలో ఆధార్ కార్డులు పేకముక్కల్లా పట్టుకుని కూర్చున్నాడు. "సారూ, మాది జల్ది రాయి, సాయంత్రం బస్సుంది" అన్నాడు. నేను అందరి పేర్లూ రాసుకున్నా. నా కాగితాల ప్రకారం ఆ తండా నిండుగా ఉంది! వారం తర్వాత ఎవరైనా పోయి చూస్తే సగం ఇళ్ళకు తాళాలే.

అందుకే చెప్తున్నా, పేర్ల జాబితా వెంట పడకు. ఒక్కొక్క పరిశోధకుడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుని అడిగాడో చూడు.

డగ్లస్ మాసీ అని అమెరికా సోషియాలజిస్టు ఉన్నాడు. 1982 నుంచి మెక్సికోలో జార్జ్ దురాండ్‌తో కలిసి ఊళ్ళ వెంట సర్వేలు చేయిస్తున్నాడు. ఎక్కువగా చలికాలంలో చేస్తారు. క్రిస్మస్‌కు అమెరికా నుంచి కూలీలు ఇంటికి వస్తారు కాబట్టి. మనకైతే దసరా, పీర్ల పండుగ. అడిగే పద్ధతి కూడా బాగుంటుంది, ఒక్కొక్క మనిషి ఎప్పుడు ఎక్కడికి పోయాడు, ఏ పని చేశాడు, ఎవరు తోలుకపోయారు అని జీవితమంతా వరసగా రాసుకుంటారు. వాళ్ళు తేల్చిన విషయం విను. 1990లలో అమెరికా సరిహద్దు మీద కాపలా పెంచింది. అంతకుముందు సీజన్‌కు పోయి సీజన్‌కు వచ్చేవాళ్ళు, ఇక దాటడం కష్టమై, ఒకసారి దాటినవాళ్ళు అక్కడే ఉండిపోయి పెళ్ళాం పిల్లల్ని కూడా పిలిపించుకున్నారు. రావద్దని కంచె వేస్తే, పోకుండా అయింది.

ఇక మన దేశానికి వస్తే యాన్ బ్రెమన్. డచ్చి మనిషి, 1962 నుంచి దక్షిణ గుజరాత్‌లో అవే ఊళ్ళకు మళ్ళీ మళ్ళీ పోయాడు. చెరకు కొట్టే గుంపుల వెంట నడిచాడు, సూరత్ మగ్గాల షెడ్లలో కూర్చున్నాడు. ఆయన దృష్టిలో ఈ తిరుగుడు కూలీకి ఎదుగుదల లేదు. స్థానికుడికి పని ఇవ్వకుండా బయటివాణ్ణి తెచ్చుకోవడం యజమానికి లాభం, బయటివాడైతే బేరమాడలేడు. అడ్వాన్స్ అనేది మనిషిని కట్టేసే తాడు.

దీనికి ఎదురు దేశింగ్కర్, డేనియల్ స్టార్ట్ 2003లో రాసిన పత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరు ఊళ్ళు, మధ్యప్రదేశ్‌లో ఆరు ఊళ్ళు తీసుకున్నారు. వలస అంటే కేవలం కడుపు కోసం పోవడం అనే మాట సరిపోదన్నారు. కొందరు పోయి వచ్చి అప్పు తీర్చి, ఇల్లు కట్టి, బోరు వేసి పైకొచ్చారు, అయితే కులం, చేతిలో పని, తెలిసిన మేస్త్రీ వీటిని బట్టి ఎవరికి లాభమనేది మారుతుందన్నారు. నా మటుకు నాకు బ్రెమనే దగ్గరగా అనిపిస్తాడు, కానీ నా స్టూడెంట్ల ఇళ్ళల్లో చూస్తే దేశింగ్కర్ చెప్పినవాళ్ళు కూడా కనిపిస్తారు. నువ్వే ఒక ఉదాహరణ కదా. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చదువు, నీ ప్రశ్న దానంతటదే పుడుతుంది.

పుష్-పుల్ గురించి ఒక మాట. దాని మూలం 1885లో రావెన్‌స్టీన్ రాసిన వ్యాసం. బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని, వలసకు కూడా కొన్ని సూత్రాలున్నాయి అన్నాడు. ఎక్కువమంది దగ్గరి ఊళ్ళకే పోతారు, పోయే ప్రతి ప్రవాహానికీ తిరిగొచ్చే ప్రవాహం ఉంటుంది అని. 1966లో ఎవరెట్ లీ దాన్ని ఇప్పుడు నువ్వు పీపీటీల్లో చూసే రూపానికి తెచ్చాడు. చదువు, దాటిపో. మీ తాతను అడుగు, "కరువొచ్చి పోయినవా, మేస్త్రీ అడ్వాన్స్ తెచ్చి పిలిస్తే పోయినవా?" అని. 1979లోనే మైఖేల్ పియోరె అన్నాడు, పనివాళ్ళు కావాలని యజమాని వెతుక్కుంటూ రావడంతోనే వలస మొదలవుతుందని. ఆయన చూసింది పారిశ్రామిక దేశాలనే అయినా మన గుంపు మేస్త్రీ చేసే పని కూడా అదే. మీ నాయన సంగతికి మాత్రం 1985 నాటి స్టార్క్, బ్లూమ్ పనికొస్తారు. పోవాలా వద్దా అని నిర్ణయించేది ఒక్కడు కాదు, ఇంటిల్లిపాదీ అన్నారు వాళ్ళు. ఒకడు పొలం చూసుకుంటాడు, ఒకణ్ణి పుణె పంపిస్తారు. వాన పడకపోతే ఆ డబ్బు, అక్కడ పని దొరకకపోతే ఈ జొన్నలు.

మరీ పొడుగైంది. తెలుగువాళ్ళ సంగతి తర్వాత రాస్తా.

ఆర్మూర్ అన్న:

సార్, బాగా రాశారు గానీ ఒక మాట అడుగుతా. మా ఊరికి గల్ఫ్ సర్వే అని ఎందరో వచ్చారు. ఎంత పంపినవ్, ఇల్లు ఎప్పుడు కట్టినవ్, ఏజెంట్‌కు ఎంత ఇచ్చినవ్. రాసుకుని పోయారు. 2020లో మేమంతా తిరిగొచ్చినప్పుడు నాకు కంపెనీ నుంచి నెలల జీతం, గ్రాట్యుటీ రావాల్సి ఉండె. ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి పోవాలో చెప్పినవాడు లేడు. ఈ పీహెచ్‌డీలతో మాకేం ఒరుగుతుంది? తమ్ముడికి ఉద్యోగం వస్తుంది, సంతోషమే.

పాత లెక్చరర్, మహబూబ్‌నగర్:

మీ కోపం న్యాయమే. లెక్క ఒక్కటే డబ్బు ఇప్పించదు. కానీ లెక్క లేనిచోట అడిగే నోరు కూడా ఉండదు, కేరళను చూడండి. 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ నుంచి కె.సి. జకరియా, ఇరుదయ రాజన్ వాళ్ళు 10,000 ఇళ్ళు తిరిగి కేరళ మైగ్రేషన్ సర్వే చేశారు. అప్పుడు విదేశాల్లో ఉన్న కేరళవాళ్ళు 13.6 లక్షలని తేలింది. అక్కడితో ఆపలేదు, కొన్నేళ్ళకోసారి చేస్తూనే ఉన్నారు. 2013లో 24 లక్షలైంది, 2018కి 21 లక్షలకు దిగింది, 2023లో 22 లక్షలు. పెరిగింది, ఆగింది, తగ్గింది అని జిల్లాల వారీగా చెప్పగలరు. తిరిగొచ్చినవాళ్ళెందరు, వాళ్ళ వయసెంత అనేది కూడా ఉంటుంది. ప్రవాసుల పెన్షన్ గురించి, పునరావాసం గురించి అక్కడ అసెంబ్లీలో మాట్లాడేవాళ్ళ చేతిలో ఆ అంకెలుంటాయి. కోవిడ్‌లో తిరిగొచ్చినవాళ్ళకు ఎగ్గొట్టిన జీతాల గురించి కూడా ఇరుదయ రాజన్ బృందం రాసింది, మీలాంటివాళ్ళు చెప్పిందే ఆ పరిశోధనకు ఆధారం. జకరియా గారైతే 1960లలోనే బొంబాయికి వచ్చిన వలసల మీద పుస్తకం రాసిన మనిషి, అంత పాత అనుభవంతో ఈ పనిలోకి దిగారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లలకు అలాంటి వరస సర్వే ఉండి ఉంటే 2020లో మీరు ఒంటరిగా కాగితం పట్టుకుని తిరిగే పని ఉండేది కాదేమో. ఉండేదేమో కూడా. కానీ అడగడానికైనా ఒక పట్టు ఉండేది.

రాయచోటి అక్క:

సార్ పేర్లన్నీ బాగానే చెప్పారు, ఆడవాళ్ళ దగ్గర మాత్రం కాస్త తొందరగా దాటేశారు. "45 కోట్లలో మీ అమ్మ ఉంది, పెళ్ళై వచ్చింది" అనేసి అయిపోయిందనుకున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. జనాభా లెక్కల్లో వలసకు ఒక్క కారణమే రాస్తారు. పెళ్ళి అని రాశాక ఆమె భర్తతో కలిసి బట్టీలో ఇటుకలు మోసినా, కట్టడం దగ్గర ఇసుక జల్లించినా ఆ కాలమ్‌లో ఆమె కూలీ కాదు, కోడలు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ విమెన్స్ డెవలప్‌మెంట్ స్టడీస్ నుంచి ఇంద్రాణి మజుందార్, ఎన్. నీత, ఇందు అగ్నిహోత్రి దీని మీదే పనిచేశారు, 2013లో ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) పత్రికలో వచ్చింది. 20 రాష్ట్రాల్లో వాళ్ళే సర్వే చేసి, ప్రభుత్వ లెక్కల్లో ఆడవాళ్ళ వలస పని ఎట్లా మాయమవుతుందో చూపించారు. మహారాష్ట్ర చెరకు తోటల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దర్నీ కలిపి ఒకే కొడవలి కింద లెక్కేసి కూలి ఇస్తారు. ఆ డబ్బు ఎవరి చేతిలో పడుతుందో చెప్పక్కర్లేదు.

మా వైపు రాయచోటి, రాజంపేట ఊళ్ళ నుంచి, అటు గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటిపనికి పోతారు. మా పెద్దమ్మ పోయింది. పోయినన్నాళ్ళూ ఇంట్లో ఆమె పంపిన డబ్బుతోనే పొయ్యి వెలిగింది, అయినా సర్వే వాళ్ళు వస్తే పెదనాన్ననే అడిగేవాళ్ళు. ముప్పై ఏళ్ళ లోపు ఆడమనిషి ఆ పనికి పోకూడదని రూల్ పెట్టారు, రక్షణ కోసమని. రూల్ ఉంది కాబట్టి ఎవరూ పోవడం మానలేదు, వేరే దారి చూపించే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. కేరళ, ఆంధ్రల నుంచి ఇట్లా పోయే ఆడవాళ్ళ మీద, సార్ చెప్పిన ఆ తిరువనంతపురం సెంటర్ (సీడీఎస్) లోనే పనిచేసిన ప్రవీణ కోడోత్ రాసినవి తప్పకుండా చదువు తమ్ముడూ. కాపాడతామని పెట్టిన ఆంక్షలే వాళ్ళను ఎట్లా ఏజెంట్ చేతికి అప్పజెప్పాయో అందులో ఉంటుంది. నీ ప్రశ్నల కాగితంలో "ఇంటి యజమాని" అనే గడి ఉంటే ఇప్పుడే కొట్టేయి.

అమీర్‌పేట బ్యాచ్:

సాఫ్ట్‌వేర్ వాళ్ళను కూడా వదలకండి సార్. షియాంగ్ బియావ్ అని చైనా స్కాలర్, 2000 ప్రాంతంలో హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ మనవాళ్ళ వెంట తిరిగి 2007లో గ్లోబల్ బాడీ షాపింగ్ అనే పుస్తకం రాశాడు. కన్సల్టెన్సీ వాళ్ళు మనుషుల్ని ప్రాజెక్టు దొరికేదాకా పని లేకుండా బెంచ్ మీద ఎలా కూర్చోబెడతారు, ఐటీ అల్లుడి కట్నం డబ్బు ఈ మొత్తం వ్యవహారంలోకి ఎలా వస్తుంది అన్నీ ఉన్నాయి. మనవాళ్ళు ఎవరూ బయటికి మాట్లాడని విషయం చైనా ఆయన వచ్చి రాసుకుపోయాడు. చదువుతుంటే మా హాస్టల్ రూమ్మేట్లు గుర్తొచ్చారు. బెంచ్ మీద కూర్చుని అద్దె పంచుకున్న రోజుల్లో మమ్మల్ని ఎవరైనా వలస కూలీ అంటే కొట్టేవాళ్ళం.

ఊట్కూరు పిల్లగాడు:

సార్, అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. ఇన్ని విషయాలు ఏ వెబినార్‌లోనూ దొరకలేదు. ఆర్మూర్ అన్న అడిగింది నిన్నటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. ఇంకో డౌట్ సార్. మా ఊర్లో అందరూ ఒకటే మాటంటారు, నీళ్ళొస్తే వలస ఆగుతుంది అని. లిఫ్టు (ఎత్తిపోతల) నీళ్ళు వచ్చిన ఊళ్ళకు కొందరు తిరిగొచ్చిన మాట కూడా నిజమే. కానీ హైన్ డి హాస్ అనే వలసల పరిశోధకుడు అభివృద్ధి జరిగితే వలస తగ్గదు, మొదట పెరుగుతుంది అంటున్నాడు. ఇది రాస్తే మా ఊరివాళ్ళు నన్ను కొడతారు.

పాత లెక్చరర్, మహబూబ్‌నగర్:

కొట్టరులే. డి హాస్ చాలాకాలం మొరాకోలో పనిచేశాడు, అక్కడి లోయల్లోని ఊళ్ళ నుంచి యూరప్‌కు పోయేవాళ్ళ గురించి. చేతిలో నాలుగు డబ్బులు, కొంత చదువు, బయటి లోకం తెలియడం, ఇవి ఉంటే దూరం పోవాలనే ఆశా, పోగలిగే శక్తీ రెండూ పెరుగుతాయి అంటాడు. అది దేశం దాటే వలసకు బాగా సరిపోతుంది. అడ్వాన్స్ అప్పు కింద పిల్లల్ని చంకనేసుకుని పోయేవాడి సంగతి వేరు, వాడికి ఎకరం తడిస్తే ఆగుతాడు. అదే ఇంట్లో డిగ్రీ చదివిన కొడుకు మాత్రం ఆ నీళ్ళు చూసుకుంటూ ఊళ్ళో ఉండడు, నీలాగా హైదరాబాద్ బస్సెక్కుతాడు. అంటే ఒకే ఇంట్లో ఒక వలస ఆగి ఇంకో వలస మొదలైంది. ఇంకో వింత చూడు, నీళ్ళొచ్చి వరి పెరిగిన తెలంగాణ ఊళ్ళకు ఇప్పుడు నాట్లేయడానికి బీహార్, బెంగాల్ నుంచి గుంపులు వస్తున్నాయి. రావెన్‌స్టీన్ ఉంటే నవ్వుకునేవాడు. వాళ్ళ మేస్త్రీ ఎవరు, వాళ్ళు అక్కడ ఏ అడ్వాన్స్ తీసుకుని వచ్చారు? ఇది నీ మూడో చాప్టర్ అవుతుందేమో ఆలోచించు. వలసపోయిన జిల్లావాడు వలసొచ్చినవాణ్ణి అడగడంలో వేరే లాభం ఉంది, అబద్ధం చెప్తే పట్టేస్తావు.

తెలుగువాళ్ళ గురించి అడిగావు. ఉస్మానియాలో చరిత్ర చెప్పిన అడపా సత్యనారాయణ గారు బర్మా, మలయాలకు పోయిన తెలుగు కూలీల మీద రాశారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి సీజన్‌కు రంగం (రంగూన్) పోయి ఓడరేవులో, మిల్లుల్లో పనిచేసి వచ్చేవాళ్ళు. 1930లో రంగూన్ రేవు దగ్గర బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ పెద్ద కొట్లాట జరిగింది, సమ్మె విరిగాక పని ఎవరిదనే దగ్గర మొదలైంది. నీ టాపిక్‌కు ఇది దూరం అనుకోకు. అందులోనూ మేస్త్రీ ఉన్నాడు, అడ్వాన్స్ ఉంది. సునీల్ అమృత్ బంగాళాఖాతం చుట్టూ తిరిగిన జనాల చరిత్ర రాశాడు, తీరిక ఉన్నప్పుడు చూడు. గుంటూరు నుంచి అమెరికా పోయినవాళ్ళు ఊరికి పంపే డబ్బు, దాని వెనక కులం గురించి సనమ్ రూహి చేసిన పని బాగుంటుంది. చిన్మయ్ తుంబే చూపించింది ఇంకోటి. రత్నగిరి, సారన్, గంజాం లాంటి జిల్లాల్లో వలస నూరేళ్ళుగా తగ్గకుండా సాగుతూనే ఉందట. మరి పాలమూరుది ఎందుకు ఆగుతున్నట్టుంది, ఎక్కడ ఆగలేదు అని అడగడానికి అది మంచి పోలిక.

ఇక నీ సారు అడిగిన థియరీ. అన్నీ కలిపి కిచిడీ చేయకు. ఒక్క ప్రశ్న రాయి: గుంపు మేస్త్రీ పోయి ఫోన్ వచ్చినాక, కూలీ ఎవరికి బాకీ ఉన్నాడు? మీ తాత అడ్వాన్స్‌కు కట్టుబడి పోయాడు. మీ నాయన ఎవరి ఫోన్ మీద పుణె పోతున్నాడు, రేటు ఎవరు మాట్లాడారు, డబ్బు ఆగితే ఎవర్ని అడుగుతాడు? బ్రెమన్ చెప్పిన తాడు తెగిందా, వేరే రంగు వేసుకుందా? ఇది తేల్చడానికి మూడు తరాల మనుషులు నీ ఇంట్లోనే ఉన్నారు, చుట్టూ ఉన్న పల్లెల్లో ఇంకా ఉన్నారు. మాసీ వాళ్ళలాగా ఒక్కొక్కరి పని చరిత్ర వరసగా రాసుకో. దసరాకు మొదలుపెట్టు, అప్పుడైతే ఇళ్ళకు తాళాలుండవు. రాయచోటి అమ్మాయి చెప్పినట్టు మీ అమ్మను విడిగా కూర్చోబెట్టి అడుగు, మీ నాయన పక్కన లేనప్పుడు.

రాసింది మొదటి నాలుగు పేజీలు ఇక్కడ పెట్టు, నేను చదివి చెప్తా. లిటరేచర్ రివ్యూ మాత్రం నాకు పంపకు.